పాఠకుల ప్రశ్నలు: బోరు నీటి లెక్క కుదరడం లేదు

ప్రశ్న: ఎమ్మెస్సీ జియాలజీ చివరి ఏడాదిలో ఉన్నాను. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ తొలగింపుపై పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఏ పరీక్షలు రాయాలి? ప్రాజెక్టు కోసం తెచ్చిన బోరు నీళ్లలో కాటయాన్లు (ధనావేశ అయాన్లు), ఆనయాన్లు (రుణావేశ అయాన్లు) సమానంగా రావాల్సిన లెక్కలో 18 శాతం తేడా వచ్చింది, కాటయాన్లే ఎక్కువ. తప్పు ల్యాబుదా, నాదా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో ఎర్త్ సైన్సెస్ రాయండి. జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, గైడు దొరకడమూ తేలిక. గేట్ జియాలజీ రెండో దారి. హైదరాబాద్ ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), రూర్కీ ఐఐటీ హైడ్రాలజీ విభాగం చూడండి. ఉద్యోగమే కావాలంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి కేంద్ర భూగర్భజల మండలికి వెళ్లవచ్చు.

ఇక ఆ 18 శాతం. సాధారణంగా 5 శాతం దాటితే ఫలితాన్ని అనుమానించాల్సిందే. తేడా ఎటు మొగ్గిందో చూస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. కాటయాన్ల సీసాలో నైట్రిక్ యాసిడ్ వేస్తాం కాబట్టి కాల్షియం నీటిలోనే ఉంటుంది. ఆనయాన్ల కోసం పట్టిన, యాసిడ్ లేని రెండో సీసా నాలుగు రోజులు ఆగితే సున్నం అడుగుకు దిగి, ఆనయానైన బైకార్బనేట్ తగ్గిపోతుంది. అందుకే ఆల్కలినిటీ టైట్రేషన్ (బైకార్బనేట్‌ను కొలిచే పరీక్ష) బోరు దగ్గరే చేయాలి. వడకట్టకుండా యాసిడ్ వేసినా ఇదే మొగ్గు: నీటిలో తేలే మట్టి కరిగి కాటయాన్లను పెంచుతుంది. ముందు 0.45 మైక్రాన్ ఫిల్టరు, తర్వాతే యాసిడ్, పీహెచ్ 2 కిందికి వచ్చేదాకా. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసాయే వాడండి, గాజు వద్దు.

మోటారు వేయగానే పట్టిన నీళ్లా అవి? ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు సుమారు 21 లీటర్లు నిలుస్తాయి. 40 మీటర్ల నీరుంటే దాదాపు 850 లీటర్లు. ఆ నిలవ నీరు పోయి కొత్త నీరు రావాలంటే అందుకు మూడింతలు తోడాలి. నిమిషానికి 40 లీటర్లు పోసే మోటారుకు గంట పైనే పడుతుంది. ఈసీ (నీటి విద్యుత్ వాహకత) రీడింగు నిలకడగా ఉందో లేదో కూడా చూడండి. పొద్దుటి నుంచి పొలానికి పారుతున్న బోరైతే ఈ బాధ లేదు.

టాపిక్ గురించి ఒక మాట. డిస్టిల్డ్ వాటర్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి, ఫ్లోరైడ్‌ను పీల్చే పొడి వేసి, ‘అంతా పోయింది’ అనే పేపర్లు కుప్పలుగా ఉన్నాయి. ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా పీహెచ్ 5.5 దగ్గర బాగా పనిచేస్తుంది. బోరు నీళ్లు మాత్రం సాధారణంగా 7 పైనే ఉంటాయి, బైకార్బనేటూ ఫ్లోరైడ్‌తో పోటీ పడుతుంది. కాబట్టి మొదటి ప్రయోగమే మీ ఊరి బోరు నీటితో చేయండి, అదే డోసుతో డిస్టిల్డ్ వాటర్‌లోనూ చేసి పోల్చండి.