అప్ప కేసు, నాన్న డయాలసిస్, నా పెళ్లి.. అన్నీ ఒక్కసారే!

ప్రశ్న: మాది పలాస దగ్గర ఉద్దానంలో ఒక పల్లె. నాకు 29 ఏళ్లు, విశాఖలో ఫార్మా కంపెనీలో పని. నాన్నకు కిడ్నీలు పాడయ్యాయి, ఏడాదిగా వారానికి మూడుసార్లు డయాలసిస్. మా అప్పను విజయనగరం ఇచ్చాం. సంక్రాంతికి పిల్లలతో వచ్చింది, మళ్లీ వెళ్లలేదు. కొట్టడాలు లేవు గానీ మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవట. మొన్న బావ విడాకుల నోటీసు పంపాడు. పిల్లల్ని మా ఊరి బడిలో చేర్పించాం. ఎనిమిదేళ్ల మేనల్లుడు ఇక్కడికి వచ్చాక రాత్రిళ్లు పక్క తడుపుతున్నాడు. పన్నెండేళ్ల మేనకోడలు వాళ్ల నాన్న ఫోన్ చేస్తే జీడితోటలోకి వెళ్లి మాట్లాడి, వచ్చేముందు ఆ కాల్ డిలీట్ చేస్తోంది. మే నెలలో నా పెళ్లి. ఈలోగా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తెగదెంపులు చేసేసి, బాబును హాస్టల్లో వేసేద్దామని అమ్మ పట్టు. పెళ్లివారితో మాత్రం అప్ప కొన్నాళ్లు ఉండిపోదామని వచ్చిందని చెప్పాం. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ డిలీట్ చేసిన కాల్ గురించి ముందు మాట్లాడుకుందాం బాబూ. నాన్నతో మాట్లాడొద్దని ఆ పిల్లకు ఎవరూ చెప్పి ఉండరు. అమ్మమ్మ కంచంలో అన్నం పెడుతూ అల్లుడిని నాలుగు తిడుతుంటే, పక్కన అమ్మ కళ్లు తుడుచుకుంటుంటే, తనే అర్థం చేసుకుంది: నాన్న మీద ఇష్టం ఈ ఇంట్లో కనపడకూడదని. పన్నెండేళ్లకే ఇంటిల్లిపాదినీ నొప్పించకుండా మోసుకొస్తోంది. గోల చేసే పిల్లలను అందరూ పట్టించుకుంటారు. ఇలా సర్దుకుపోయే పిల్లను 'బంగారుతల్లి' అని మెచ్చుకుని వదిలేస్తారు. నాకు మీ మేనల్లుడి కంటే ఈ పిల్ల గురించే ఎక్కువ బెంగగా ఉంది.

తల్లిదండ్రులు విడిపోతే పిల్లల బతుకు పాడైపోయినట్టేనని మన దగ్గర ఒక నమ్మకం. అమెరికాలో మావిస్ హెదరింగ్టన్ అనే మనస్తత్వవేత్త దాదాపు మూడు దశాబ్దాల పాటు 1,400 కుటుంబాలను గమనించారు. విడిపోయిన ఇళ్లలో పిల్లలు నూటికి సుమారు 25 మంది గట్టి ఇబ్బందుల్లో పడ్డారు. విడిపోని ఇళ్లలో ఆ లెక్క 10. తేడా పెద్దదే. అయినా నూటికి 75 మంది తేరుకున్నారన్నది కూడా అందులోనే ఉంది. విడాకుల కాగితం కంటే, పిల్లల ఎదుటే పెద్దలు కొట్లాడుకోవడం, ఒకరి మీద ఒకరు పిల్లలకు నూరిపోయడం ఎక్కువ చెరుపు చేస్తాయని ఈ రంగంలో చాలాసార్లు తేలింది. కాబట్టి మీ అమ్మగారితో ఒక్క మాట ఖరారు చేసుకోండి. అల్లుడిని తిట్టాలనిపిస్తే పిల్లలు బడికెళ్లాక తిట్టుకోవచ్చు. ఇక మీ అప్ప పిల్లలిద్దరినీ కూర్చోబెట్టుకుని చెప్పాలి: "నేనూ నాన్నా ఒక ఇంట్లో ఉండటం లేదు. అది మీ వల్ల వచ్చింది కాదు. నాన్నతో ఎప్పుడు మాట్లాడాలన్నా నా ఎదుటే మాట్లాడండి, నేనేమీ అనుకోను." ఒకసారి చెబితే నమ్మరు. మళ్లీ మళ్లీ చెప్పాలి.

ఇప్పుడు మీ అమ్మగారి ప్లాను. 1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మనోవైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు. జీవిత భాగస్వామి చనిపోతే 100, విడాకులకు 73, విడిగా ఉండటానికి 65, ఇంట్లో ఒకరి ఆరోగ్యం పాడైతే 44, డబ్బు పరిస్థితి మారితే 38, ఇల్లు మారితే 20. పెళ్లి లాంటి సంతోషానికి కూడా 50 వేశారు, ఎందుకంటే మనిషి సర్దుకోవాల్సిన శ్రమ దానిలోనూ ఉంది. క్రిస్మస్‌కు 12 ఇచ్చారు. మన సంక్రాంతికైతే ఇంకాస్త ఎక్కువే పడాలి లెండి. ఆ అంకెలు అప్పటి అమెరికా వాళ్లవి, మన పల్లెలకు అచ్చంగా అతకవు. కానీ ఏడాదిలో మొత్తం 300 దాటితే జబ్బు పడే అవకాశం బాగా పెరుగుతుందన్న వాళ్ల మాటలో మీకు పనికొచ్చే సంగతి ఉంది. విడిగా ఉండటం, నాన్న జబ్బు, డబ్బు, ఇల్లు మారడం కలిపితే మీ అప్పకు ఈపాటికే 167. విడాకులు కలిస్తే 240.

అంటే ఇప్పుడు ఈ ఇంటికి కావలసింది కొత్త మార్పులు ఆపడం. బాబు ఒకసారి ఊరు, బడి, స్నేహితులు అన్నీ వదిలి వచ్చాడు. అదే ఏడాది హాస్టలంటే వాడికి ఇప్పుడు తల్లి కూడా పోయినట్టు. పక్క తడిపే పిల్లవాడికి హాస్టల్లో మొదటి రాత్రి తెల్లారాక ఏం జరుగుతుందో మీరూ మగపిల్లాడిగా పెరిగినవారే, నేను చెప్పక్కర్లేదు. ముందు పిల్లల డాక్టరుకు చూపించి మూత్ర పరీక్ష చేయించండి, ఇన్ఫెక్షన్, షుగర్ లాంటివి లేవని తేలాలి. అవి లేకపోతే ఇది చాలామటుకు టెన్షన్ వల్లే. తిట్టొద్దు, దుప్పటి ఆరేస్తూ ఊరికి వినపడేలా దెప్పొద్దు. పడుకోబోయే ముందు మాత్రం నీళ్లు కాస్త తగ్గించి, ఒకసారి బాత్రూంకు పంపండి. పగలు కడుపునిండా తాగనివ్వండి, ఉద్దానంలో ఈ మాట వేరే చెప్పాలా!

పెద్దమనుషుల సంతకాలతో, స్టాంపు కాగితంతో విడాకులు అయిపోవు. మీ కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోగలిగితే తప్ప హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ కావాల్సిందే. ఇద్దరూ ఒప్పుకుని వేసే కేసుకైనా ముందు ఏడాది విడిగా ఉండి ఉండాలి. కేసు వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన కారణాలుంటే కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎలా చూసినా మే నెలలోపు తెగే పని కాదు. ఆ తొందరలో అప్ప చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి, పిల్లల ఖర్చుల సంగతి అందులోనే కొట్టుకుపోతుంది. ఆడవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. శ్రీకాకుళం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి. నోటీసుకు జవాబు మాత్రం వాయిదా వెయ్యకండి.

ఇక అసలు మీ నిద్ర చెడగొడుతున్నది ఆ అబద్ధమేనని నా అనుమానం. పలాస నుంచి కబురు బస్సు కంటే ముందు చేరుతుంది. పెళ్లయ్యాక తెలిస్తే వచ్చే పిల్ల మొదటి రోజే మీ అప్పను అనుమానంగా చూస్తుంది. మీరే వెళ్లి, మధ్యవర్తిని పంపకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అప్ప కేసు ఇంకా నడుస్తుందని, పిల్లలు మీ ఇంట్లోనే ఉంటారని, నాన్న డయాలసిస్ ఖర్చు మీదేనని. సంబంధం తప్పిపోతుందని అమ్మ భయపడతారు. ఇది విని తప్పిపోయేదైతే ఇప్పుడే తప్పిపోనివ్వండి.

ముహూర్తం మార్చమనడం లేదు. పెళ్లిలో ఆడపడుచు లాంఛనాలన్నీ మీ అప్ప చేతే జరిపించండి. 'ఇప్పుడెందుకులే' అనే పెద్దమ్మలు కొందరు తప్పక ఉంటారు, వాళ్లకు జవాబు మీరివ్వాలి. మేనల్లుడిని తోడు పెళ్లికొడుకుగా కూర్చోబెట్టుకోండి. మీ బావను పిలవాలా వద్దా అన్నది అప్పకు వదిలెయ్యండి.

మీరు రాయని ఒక సంగతి అడుగుతాను. నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్తున్నది ఎవరు? అప్పే అయి ఉంటుంది. 'ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా' అని. వారానికి మూడు రోజులు, పోనురాను దారి కాక ఒక్కోసారి నాలుగు గంటలు ఆ మంచం పక్క కుర్చీలో కూర్చుని ఆమె ఏం ఆలోచిస్తుందో ఊహించండి. ఒక రోజు చిన్నాన్న కొడుకులకు అప్పగించండి. కుదిరినప్పుడల్లా శనివారం షిఫ్టు మార్చుకుని మీరే వెళ్లండి. ఆమె తిండి మానేసినా, బతకాలని లేదన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, అర్ధరాత్రయినా 14416కు, అంటే మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్‌కు ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు. పెళ్లివారితో చెప్పేసి వచ్చాక కూడా రెండు వారాలు నిద్ర పట్టకపోతే అదే నంబరుకు మీరూ చెయ్యండి.