శిరీషకి, షాపు తెరిచే ముందు

చిరంజీవి శిరీషను ఆశీర్వదించి మావయ్య రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. బి.ఫార్మసీ పూర్తయిందనీ, రిజిస్ట్రేషన్ కూడా చేతికొచ్చిందనీ, మన ఊరి సెంటర్లోనే మెడికల్ షాపు పెడతానంటున్నావనీ చెప్పింది. మీ అత్తయ్యని నిద్రలేపి మరీ చెప్పాను. మన ఇంట్లో ఆడపిల్ల తన పేరు మీద లైసెన్సు తీసుకోవడం ఇదే మొదలు తల్లీ.

ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. షాపుకి డబ్బు సమకూరేదాకా నీ సర్టిఫికెట్ తమ షాపులో పెట్టుకుంటామని ఎవరో వచ్చారట. నెలనెలా డబ్బిస్తారట, నువ్వు వెళ్ళక్కర్లేదట. ఇక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే లేచి కూర్చుని ఇది రాస్తున్నాను.

షాపు సంగతులు నీకు తెలిసినవే. గది పది చదరపు మీటర్లకి తగ్గకూడదు. ఫ్రిజ్ మంచిది కొను, ఇన్సులిన్ దాని మీదే ఆధారపడి ఉంటుంది. మందులు అమ్మడానికిచ్చే ఫారం 20, ఫారం 21 లైసెన్సులకి అద్దె కాగితాలు ముందే సరిచూసుకో. బిల్లు లేని సరుకు ఎంత చవగ్గా వచ్చినా లోపలికి రానివ్వకు. హెచ్1 మందుల రిజిస్టరు, అదే డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చి విడిగా లెక్క రాయాల్సిన మందులది, మాత్రం ఏ రోజుది ఆ రోజే రాయి. రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చావో అన్నీ ఉండాలి, మూడేళ్ళు దాచాలి. ఆదివారం కూర్చుని వారం రోజులవి ఒకేసారి రాసేవాళ్ళని చూశాను. అది రిజిస్టరు కాదు, కట్టుకథ.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

నేను డి.ఫార్మసీ, అంటే రెండేళ్ళ డిప్లొమా, పాసైంది 1986లో. అంతకు రెండేళ్ళ ముందే, 1984 సెప్టెంబరు 1 నుంచి, ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ అమల్లోకి వచ్చింది. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ డాక్టరు చీటీ మీద మందు ఇవ్వకూడదని దాని సారం. అలా మా కాగితానికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఉద్యోగం లేదు, నాన్నకి ఆయాసం, ఇంట్లో మీ అమ్మ పెళ్ళి మాటలు. నలభై కిలోమీటర్ల అవతల ఊరి షాపాయన ఇంటికే వచ్చి నెలకి రెండువందల యాభై ఇస్తానన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చేశాను. ఆయన దానికి ఫ్రేము కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పక్కన గోడకి తగిలించాడు. ఆ షాపులో నేను అడుగుపెట్టింది ఆ ఒక్కరోజే.

పది నెలలు డబ్బు వచ్చింది. పదకొండో నెలలో డబ్బుకి బదులు కబురు వచ్చింది.

ఒక ముసలావిడ మోకాళ్ళ నొప్పులకి డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ఆ షాపుకి వెళ్ళింది. కౌంటర్లో కుర్రాడున్నాడు, పదో తరగతి తప్పినవాడు. డాక్టరు రాత సరిగా అర్థం కాక మొదటి రెండక్షరాలు చూసి గ్లిబెన్‌క్లమైడ్ ఇచ్చాడు. అది షుగర్ బిళ్ళ. ఆవిడకి షుగర్ లేదు. పైగా నొప్పితో సరిగా తినడమూ లేదు. రెండు పూటలా వేసుకుంది. రెండో రోజు తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, పిలిస్తే పలకలేదు. ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కిస్తే కళ్ళు తెరిచింది, మధ్యాహ్నానికి మళ్ళీ జారిపోయింది. ఆ మందు ఒంట్లో చాలాసేపు పనిచేస్తుందని నువ్వు చదువుకునే ఉంటావు. రెండు రోజులు అలా తేలుతూ మునుగుతూ ఉండి బయటపడింది.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి గోడ మీది ఫ్రేము చూశాడు. ఫార్మసిస్టుల రిజిస్టరు ఉంచే రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ నుంచి నాకు నోటీసు వచ్చింది. విచారణ రోజు వరండాలో బెంచీ మీద నా పక్కనే ఒకాయన కూర్చున్నాడు. మాటల్లో తెలిసింది, ఆవిడ కొడుకట. "మీరెవరండీ?" అని నన్ను అడిగాడు. వాళ్ళ అమ్మకి మందిచ్చిన షాపు గోడ మీద నా పేరుంది, నా ముఖం మాత్రం ఆయన ఎన్నడూ చూడలేదు. శిరీషా, ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఏడాదిపాటు నా పేరు రిజిస్టర్లోంచి తీసేశారు. ఆ ఏడాదే ఆస్పత్రి పోస్టులు పడ్డాయి, నేను దరఖాస్తు పెట్టలేకపోయాను. దానికి నాకు బాధ లేదు.

తర్వాత ఆవిడని చూడటానికి వెళ్ళాను. కొంగు ముడి విప్పి సగం మిగిలిన బిళ్ళల షీటు నా చేతిలో పెట్టి, "ఇవి ఇంకా వేసుకోవాలా బాబూ?" అంది. చూసిన మరుక్షణం అదేమిటో తెలిసింది నాకు. ఆ తెలివి కోసమే కదా నన్ను రెండేళ్ళు చదివించింది. ఆ రోజు ఆ కౌంటర్ దగ్గర నేను నిలబడి ఉంటే సరిపోయేది.

అప్పుడు కొన్నాను చట్టం పుస్తకం. కాలేజీలో జూరిస్‌ప్రుడెన్స్ అని, మందుల చట్టాల పాఠం, మార్కుల కోసం బట్టీపట్టిందే, ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. 1930లో ప్రభుత్వం వేసిన కర్నల్ చోప్రా కమిటీ దేశమంతా వాకబు చేసింది. మందుల నాణ్యతకీ, అమ్మేవాళ్ళ చదువుకీ ఒక కట్టడి కావాలంది. అయినా ఫార్మసీ చట్టం వచ్చేసరికి 1948 అయింది. ఢిల్లీలోని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఏం చదవాలో, ఎన్ని గంటలు చదవాలో, ఏ కాలేజీకి అనుమతివ్వాలో తేలుస్తుంది. మన పేర్లుండే రిజిస్టరు రాష్ట్ర కౌన్సిల్ దగ్గర ఉంటుంది. మాకు మూడు నెలల్లో 500 గంటల ట్రైనింగు పెట్టారు, అందులో 250 గంటలు చీటీలు చూసి మందులివ్వడానికే. అప్పట్లో అది వెట్టిచాకిరీ అనుకున్నాను. ఇన్ని అంచెలు దాటించి ఒక మనిషిని తయారుచేసేది ఆ కౌంటర్ దగ్గర నిలబెట్టడానికే. నేను ఆ మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి కాగితాన్ని మాత్రం పంపాను.

"అందరూ చేస్తున్నారు మావయ్యా" అంటావేమో. అనకు, నాకు కోపం వస్తుంది. 2015లో ఢిల్లీ కౌన్సిల్ తెచ్చిన ప్రాక్టీసు నిబంధనల్లో, తాను పనిచేయని షాపుకి సర్టిఫికెట్ ఇవ్వడం దుష్ప్రవర్తన అని తేటగా రాసి ఉంది. 42వ సెక్షన్ కింద మా రోజుల్లో జరిమానా వెయ్యి రూపాయలే. 2023 సవరణతో అది రెండు లక్షల దాకా వెళ్ళింది. జరిమానాకి భయపడమని చెప్పడం లేదు తల్లీ. చీటీ పట్టుకుని వచ్చే ముసలివాళ్ళని తలుచుకో, చాలు.

డబ్బు తక్కువైతే నన్నడుగు. నా రిటైర్మెంటు డబ్బులో నీ వాటా కొంత పక్కన పెట్టే ఉంచాను, మీ అత్తయ్యకీ తెలుసు.

తమ్ముడు డి.ఫార్మసీలో చేరతానంటున్నాడట. కాలేజీ బోర్డు చూసి ఫీజు కట్టనివ్వకు. ఆ కోర్సుకి, ఆ సంవత్సరానికి ఫార్మసీ చట్టం 12వ సెక్షన్ కింద అనుమతి ఉందో లేదో ఢిల్లీ కౌన్సిల్ జాబితాలో మీరే చూసుకోండి. అనుమతి లేని చోట చదివితే రిజిస్ట్రేషన్ రాదు, పోయిన రెండేళ్ళు ఎవరూ తిరిగివ్వరు. డిప్లొమా వాళ్ళకి కోర్సు అయ్యాక, రిజిస్ట్రేషన్‌కి ముందు రాయాల్సిన ఎగ్జిట్ ఎగ్జామ్ పెడుతూ 2022లో నిబంధనలొచ్చాయి, మూడు పేపర్లు, ఒక్కో దాంట్లో సగం మార్కులు రావాలి. వాడికి బద్ధకం ఎక్కువ, ఇప్పటినుంచే చెబుతూ ఉండు.

తెల్లకోటు కుట్టించుకో, రెండు జతలు. దాని మీద పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి ఉండాలి, అదీ నిబంధనే. అక్షరాలు పెద్దవిగా రాయించు, కళ్ళు ఆననివాళ్ళు కూడా చదివేలా. కొత్తలో కాళ్ళు పీకుతాయి, ఎత్తు స్టూలొకటి కొనుక్కో. మధ్యాహ్నం భోజనం మానకు.

నేనిప్పటికీ రెన్యువల్ చేయిస్తూనే ఉన్నాను. లైసెన్సు దరఖాస్తులో రెండో ఫార్మసిస్టుగా నా పేరు రాయించు. నీకు జ్వరం వచ్చినా, ఊరెళ్ళాల్సి వచ్చినా షాపు కుర్రాడికి అప్పగించొద్దు, ముందురోజు ఫోన్ చెయ్యి. పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి నీ కౌంటర్లో నేను నిలబడతాను.

మీ మావయ్య