రీలు కడిగేవాళ్ళ ఉత్తరాలు

బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లోనే కడుక్కోవడం గురించి పోయిన నెల రాసినప్పుడు నాలుగు ఉత్తరాలు వస్తే గొప్ప అనుకున్నాను. చాలానే వచ్చాయి. ఒక్కరే అడిగినా అందరికీ పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాను.

*అన్నా, నేను విజయవాడలో బీఎఫ్‌ఏ చదువుతున్నా. సీనియర్ దగ్గర పాత కెమెరా తీసుకుని హెచ్‌పీ5 రీలు ఒకటి తీశాను, రూంలోనే కడిగాను. ఐడీ-11 డెవలపర్ కలిపి, కాగితం మీద ఉన్నట్టే ఏడున్నర నిమిషాలు ఉంచాను. నెగెటివ్ మొత్తం నల్లగా, మందంగా వచ్చింది. ఆకాశంలోంచి అయితే వెలుతురు కూడా దూరడం లేదు. పారేయాలా? తప్పెక్కడ జరిగింది? ― విజయవాడ*

పారేయకు తమ్ముడూ. అన్నీ రాశావు గానీ నీళ్ళెంత వేడిగా ఉన్నాయో రాయలేదు, అంటే చూడలేదన్నమాట. కాగితం మీద ఉన్న ఏడున్నర నిమిషాలు 20 డిగ్రీల లెక్క. ఆ లెక్క చల్లటి దేశాల్లో కుళాయి నీళ్ళకి సరిపోతుంది. మన ఎండాకాలంలో ట్యాంకు నీళ్ళు 30 డిగ్రీలు సులువుగా దాటుతాయి, ఆ వేడిలో అదే పని మూడు నిమిషాల్లోపే అయిపోతుంది. నువ్వు ఏడున్నర నిమిషాలు ఉంచావు. ఆకాశం గోడలా అయిపోవడానికి కారణం అదే.

మరి మూడు నిమిషాలకే తీసేస్తే సరిపోతుందిగా అంటావేమో. సరిపోదు. రీలు కడిగే ట్యాంకులో మందు పోయడానికి, ఒంపడానికే చెరో పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది, మూడు నిమిషాల్లో అది పెద్ద వాటా. ఫిల్మ్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉడుకుతుంది, ఆకాశంలో చారలు పడతాయి. అయిదు నిమిషాలకి తక్కువ టైమ్ ఎప్పుడూ పెట్టుకోకు. పైగా వేడి నీళ్ళలో ఫిల్మ్ మీది జెలటిన్ మెత్తబడుతుంది, వేలు తగిలినా గీత పడుతుంది.

కాబట్టి 20 కోసం ప్రాణాలు తీసుకోకుండా 24 పట్టుకో. ఐడీ-11 ఎంతో నీళ్ళూ అంతే కలిపి పల్చగా చేస్తే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు, 24 దగ్గర సుమారు 9 నిమిషాలు. ఇది హాయైన టైమ్, చేతులకి తొందర ఉండదు. 24కి దింపడానికి ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, రాత్రి మట్టికుండలో పోసి ఉంచిన నీళ్ళు పొద్దున్నే ఆ దగ్గరికి వస్తాయి. కానీ కుండ చల్లదనం గాలి పొడిగా ఉంటేనే. కాకినాడ, విశాఖ వైపు ఉక్కపోతలో కుండ అంత పని చేయదు, అక్కడ ఐస్ తప్పదు. ఐస్‌ని ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఒక బేసిన్ నీళ్ళలో వేసి, ఆ బేసిన్‌లో డెవలపర్ సీసా, హైపో (బొమ్మ చెడకుండా నిలబెట్టే ఫిక్సర్) సీసా, కడిగే నీళ్ళ మగ్గు మూడూ నిలబెట్టు. మూడూ ఒకే వేడిలో ఉండాలి. డెవలపర్ 24లో ఉండి కడిగే నీళ్ళు 34లో ఉంటే జెలటిన్ ఒక్కసారిగా సాగి ముడతలు పడుతుంది, దానికి మందు లేదు. స్టూడియోలో నేర్చుకునే రోజుల్లో నేను తొందరలో ఐస్ ముక్కలు డెవలపర్లోనే వేశాను. అది ఒక పెళ్ళి రీలు. మందు పల్చబడి నెగెటివ్ పొగలా వచ్చింది, తలంబ్రాల ఫోటో ఒక్కటీ దక్కలేదు. ఆ పెళ్ళికూతురి నాన్నగారు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు, అది నాకు ఇప్పటికీ బాధే. రెండొందల రూపాయల థర్మామీటర్ ఉంటే ఇదంతా జరగదు. లెన్సు కంటే ముందు అది కొను.

ఇప్పుడున్న ఆ నల్ల నెగెటివ్ కూడా ప్రింటవుతుంది. కాంట్రాస్ట్ తక్కువ గ్రేడ్ ఫిల్టర్ పెట్టి, వెలుతురు ఎక్కువసేపు ఇచ్చి చూడు.

*సార్, కడిగాక నా రీలు మొత్తం గాజులా తెల్లగా వచ్చింది. ఒక్క ఫోటో లేదు. కెమెరా పాడైందా? ― ఖమ్మం*

అంచులు చూడండి. ఫిల్మ్ పేరు, ఫ్రేము నంబర్లు ఫ్యాక్టరీలోనే అచ్చవుతాయి, డెవలపర్ తగిలితేనే కనిపిస్తాయి. నంబర్లు ఉండి ఫోటోలు లేకపోతే మీరు కడగడం బాగానే కడిగారు, కెమెరాలో రీలు నాలుక (బయటికి ఉండే మొదటి కొస) చుట్టుకోకుండా జారిపోయిందన్నమాట, 36 సార్లు ఉత్తినే నొక్కారు. ఈసారి రీలు వేశాక వైండ్ చేస్తూ ఎడమవైపు రివైండ్ పిడి తిరుగుతోందో లేదో చూడండి. నంబర్లు కూడా లేకపోతే డెవలపర్ చచ్చిపోయింది, లేదా సీసాలు తారుమారై ముందు హైపో పోశారు. అనుమానం ఉన్నప్పుడల్లా రీలు నాలుక లోంచి ఒక ముక్క కత్తిరించి, వెలుతురులోనే డెవలపర్లో ముంచండి. అయిదు నిమిషాల్లో నల్లబడితే మందు బతికే ఉంది. కత్తిరించిన ఇంకో ముక్క హైపోలో వేసి, ఎన్ని నిమిషాల్లో పారదర్శకంగా అవుతుందో చూసి, దానికి రెట్టింపు టైమ్ మీ రీలుని హైపోలో ఉంచండి.

*మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. శనివారాలు ఒక అద్దె డార్క్‌రూమ్‌కి వెళ్ళి ప్రింట్లు వేస్తున్నాడు. మావారు ఒకప్పుడు స్టూడియోలో పనిచేశారు, వాడు పంపిన ఫోటోలు చూసి "పస లేదురా" అంటారే గానీ ఎందుకో చెప్పలేకపోతున్నారు. వాడు చిన్నబుచ్చుకుంటున్నాడు. ఒక ప్రింటు జత చేశాను, చూసి చెప్పండి. ― తెనాలి*

చూశానండీ. అరుగు మీద తెల్ల చొక్కాతో కూర్చున్న పెద్దాయన ఫోటో. మీవారు అన్నది నిజమే, కానీ ఫోటో తీయడంలో లోపం ఏమీ లేదు, ఆ పెద్దాయన కళ్ళు చూస్తే తెలుస్తుంది. లోపమంతా ప్రింటులో ఉంది, రెండు చోట్ల.

ప్రింటుని కిటికీ దగ్గర పెట్టి, చొక్కా కాలరుని కాగితం తెల్ల అంచుతో పోల్చి చూడండి. అంచు పాలలా ఉంది, కాలరు బూడిద పూసినట్టు ఉంది. ఇప్పుడు వెనక తలుపు సందు చూడండి. అక్కడ నిజంగా చీకటి ఉండాలి, కానీ బొగ్గు నలుపు రాలేదు, పైగా మచ్చలు మచ్చలుగా ఉంది. ఆ మచ్చలే అసలు సంగతి చెబుతున్నాయి: వాడు కాగితాన్ని డెవలపర్లోంచి ముందే లాగేస్తున్నాడు. ఎర్ర లైటు కింద ప్రింటు ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. ఇరవై సెకన్లకే బొమ్మ తేలుతుంది, ముప్పైకి "అమ్మో నల్లబడిపోతోంది" అని టెన్షన్ మొదలవుతుంది, చెయ్యి ఆగదు. కొత్తలో అందరికీ ఇదే. ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) కాగితమైతే మామూలు పేపర్ డెవలపర్లో కదుపుతూ పూర్తిగా ఒక నిమిషం ఉంచాలి. ఆ నిమిషం అయ్యాక నల్లగా ఉంటే వెలుతురు ఎక్కువ ఇచ్చినట్టు, అది ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మని పెద్దది చేసి కాగితం మీద పడేసే లైటు యంత్రం) దగ్గర సరిచేసుకోవాలి. ట్రేలో సరిచేయడానికి వీల్లేదు. దీన్నొక్కటీ వాడు మార్చుకుంటే సగం పస అక్కడే వచ్చేస్తుంది.

రెండోది, టెస్ట్ స్ట్రిప్ చదివే పద్ధతి. కాగితం పట్టీ ఒకటి చొక్కా, ముఖం రెండూ పడేలా పెట్టి, ముందు మొత్తానికి 5 సెకన్లు ఇవ్వాలి. తర్వాత అట్టతో ఒక భాగం మూసి ఇంకో 5, ఇంకొంత మూసి 10, ఇంకొంత మూసి 20. అప్పుడు నాలుగు మెట్లు వస్తాయి: 5, 10, 20, 40 సెకన్లు, ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. చాలామంది ఇందులో ముఖం బాగున్న మెట్టు ఎంచుకుంటారు. నేనైతే తెలుపే చూడమంటాను. చొక్కా తెల్లగా ఉండి, బట్ట మడతలు కూడా ఇంకా కనిపించే మెట్టు ఏదో అదే టైమ్. నలుపు సంగతి అప్పుడే తలకెత్తుకోవద్దు. టైమ్ కుదిరాక తలుపు సందు చూడాలి, అక్కడ బూడిదగా ఉంటే ఫిల్టర్ గ్రేడు పెంచాలి, 2 నుంచి 3కి, అవసరమైతే మూడున్నరకి. మల్టీగ్రేడ్ కాగితాలకి 00 నుంచి 5 దాకా ఫిల్టర్లు ఉంటాయి, నెంబరు పెరిగేకొద్దీ నలుపు తెలుపుల మధ్య దూరం పెరుగుతుంది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా ఇంకో చిన్న పట్టీ వేసి తెలుపు కదిలిందేమో చూసుకోవాలి. తెలుపుని టైమ్‌తో, నలుపుని గ్రేడుతో, ఆ వరస తప్పకూడదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఎందుకు మారిందో తెలియక సాయంత్రం అంతా కాగితాలు తగలేసుకుంటాం.

ఇంకొక్క మాట. స్టూడియోలో పనిచేసినవాళ్ళకి ఇవన్నీ చేతుల్లో ఉంటాయి, మాటల్లోకి రావు. మీవారిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, వాడి టెస్ట్ స్ట్రిప్ చూపించి "ఏ మెట్టు నాన్నా?" అని అడగమనండి. వేలు పెట్టి చూపిస్తారు.

*ఎన్‌లార్జర్ కొనే స్థోమత లేదు, పాతవి దొరకడం లేదు. ఫోన్‌తో స్కాన్ చేసుకుని ఊరుకోవడమేనా? ― కరీంనగర్*

ఊరుకోవద్దండీ. ఎన్‌లార్జర్ లేకుండానే గొప్ప ప్రింట్లు వచ్చాయి. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ ఫోటోలు చూసే ఉంటారు, ఆయన పెద్ద పెద్ద గాజు పలకల మీద నెగెటివ్ తీసి, దాన్నే కాగితానికి ఆనించి ప్రింటు తీసేవారు. నెగెటివ్ ఎంతో ఫోటో అంత. మీ ఇంట్లో పాత ఆల్బమ్ ఉంటే తెరిచి చూడండి, అగ్ఫా క్లిక్ త్రీ లాంటి డబ్బా కెమెరాతో తీసిన చిన్న చతురస్రపు ఫోటోలు, చుట్టూ తెల్ల అంచుతో, ఉంటాయి. వాటిలో చాలావరకు అలా వేసినవే.

కావాల్సింది ఒక మందపాటి గాజు పలక, మూడు ట్రేలు (వంటింటి ప్లాస్టిక్ ట్రేలు చాలు, మళ్ళీ వంటకి మాత్రం వాడొద్దు), మీటరు ఎత్తున వేలాడదీసిన జీరో బల్బు. నెగెటివ్ నునుపు లేని వైపు కాగితం మెరిసే వైపుకి ఆనేలా పెట్టి, పైన గాజు పెట్టి, రెండు మూడు సెకన్లు బల్బు వేయండి. కచ్చితంగా ఎంతసేపో పైన చెప్పిన పట్టీయే చెబుతుంది. 35 ఎంఎం రీలు అయితే ఆరేసి ఫ్రేముల పట్టీలు ఆరు, 8×10 కాగితం మీద మొత్తం రీలు పట్టేస్తుంది. ఇలా పది రీలు షీట్లు వేశాక ఏ నెగెటివ్ పల్చన, ఏది చిక్కన అని చూడగానే తెలుస్తుంది. 120 అనే వెడల్పాటి రీలు వేసే కెమెరా దొరికితే ఇంకా మంచిది, ఆరు సెంటీమీటర్ల ప్రింటు అరచేతిలో పెట్టుకుని చూసుకోవచ్చు.

*బాత్రూమ్‌ని డార్క్‌రూమ్ చేశాను. ఒకే నెగెటివ్, ఒకే టైమ్, అయినా ఒక ప్రింటు లేతగా ఒకటి ముదురుగా వస్తోంది. అన్నిట్లోనూ తెలుపు కొంచెం మాసినట్టుంది. ― రాజమండ్రి*

మొదటిదానికి కరెంటు. వోల్టేజి పడితే ఎన్‌లార్జర్ బల్బు మసకబారుతుంది, పక్కింట్లో మోటరు వేసినా చాలు. మంచి స్టెబిలైజర్ పెట్టండి, లేదంటే ఊరంతా పడుకున్నాక ప్రింట్లు వేయండి. డెవలపర్ వేడి కూడా ఒకసారి చూసుకోండి, గంటలో నాలుగు డిగ్రీలు పెరగగలదు.

మాసిన తెలుపుకి మీ ఎర్ర బల్బు మీద నాకు అనుమానం. బజార్లో దొరికే రంగు పూసిన జీరో బల్బుల్లో రంగు లేచిపోయిన చోట తెల్ల వెలుతురు కారుతుంది. ఇలా పరీక్షించండి: కాగితానికి ఎన్‌లార్జర్ కింద నెగెటివ్ లేకుండా లేత బూడిద రంగు వచ్చేంత వెలుతురు ముందే ఇవ్వండి, దాన్ని ట్రే పక్కన పెట్టి మీద రూపాయి బిళ్ళ పెట్టండి, ఎర్ర లైటు వేసి అయిదు నిమిషాలు వదిలేసి కడగండి. బిళ్ళ ఆకారం లేతగా కనిపించిందా, మీ లైటు సేఫ్ కాదు. వెలుతురు ఇవ్వని ఉత్త కాగితం మీద ఈ పరీక్ష చేస్తే తప్పు తెలియదు, కొద్దిపాటి వెలుతురు ఉత్త కాగితాన్ని కదిలించదు, అప్పటికే తడిసిన దాన్నే ముంచుతుంది.

*ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఈ మందులు ప్రమాదమా? వాడేసిన హైపో ఏం చేయాలి? ― గుంటూరు*

జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు. ఐడీ-11, డీ-76 లాంటి డెవలపర్లలో మెటాల్ అనే రసాయనం ఉంటుంది, కొందరి చేతులకి అది పడదు, దద్దుర్లు వస్తాయి. నాతో పనిచేసిన ఒకాయన ఏళ్ళ తరబడి ఉత్త చేతులతో ట్రేలో ప్రింట్లు తిప్పి చివరికి ఆ పనే మానేయాల్సి వచ్చింది. కాబట్టి చిమ్టాలు వాడండి, చేతికి గ్లవ్స్ వేసుకోండి, గాలి ఆడేలా చూసుకోండి.

వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, చెరువులోకి, మొక్కల్లోకి పోయొద్దు. ఎక్స్‌రే ల్యాబుల దగ్గర దాన్ని వెండి కోసం కొనుక్కెళ్ళేవాళ్ళు ఉండేవాళ్ళు, మీ ఊళ్ళో ఇంకా ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి.

అన్నిటికంటే ముఖ్యం సీసాలు. కూల్‌డ్రింక్ బాటిల్లో, మంచినీళ్ళ బాటిల్లో మందులు పోసి పెట్టొద్దు. చల్లగా ఉండాలని ఫ్రిజ్‌లో అసలే పెట్టొద్దు. కలిపిన డెవలపర్ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది, దాహంతో వచ్చిన పిల్లాడికి తేడా తెలియదు. ముదురు రంగు మందుల సీసాలు కొనండి, పేరూ కలిపిన తారీఖూ తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించండి, తాళం పడే అల్మారాలో పై అరలో పెట్టండి. ఇప్పటికే ఏదైనా బాటిల్లో పోసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు ఆ పని చేసి రండి.