సీఎస్‌ఈ కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పు చేయొద్దు

ప్రశ్న: ఎప్‌సెట్ కన్వీనర్ కోటాలో మా అమ్మాయికి ఐటీ సీటు వచ్చింది. అదే కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా కింద సీఎస్‌ఈ ఇస్తారట, డొనేషన్ 8 లక్షలు. ఎఫ్‌డీలోని 3 లక్షలు తీసి, మిగతా 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. నాకు 46 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. జీతం 55 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు. సీఎస్‌ఈ తీసుకోమంటారా? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: వద్దండి. ఏటా కౌన్సెలింగ్ రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ రెండు బ్రాంచిల్లోనూ ఉంటాయి. తేడా ఎక్కువగా ఎలక్టివ్స్‌లోనే, అంటే విద్యార్థి ఎంచుకునే సబ్జెక్టుల్లోనే. ఎంటెక్ ప్రవేశాలకు రాసే గేట్‌లో కూడా రెండు బ్రాంచిల వాళ్లూ రాసేది ఒకే పేపరు. దాని పేరే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ.

ఇక అప్పు సంగతి. 5 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 10 వేలు. మీకు మిగిలేదే 15 వేలు. నాలుగేళ్లలో 4 లక్షల 80 వేలు వడ్డీకే పోతాయి, అసలు అలాగే ఉంటుంది. పైగా డొనేషన్ తీసుకోవడాన్ని 1983 నాటి చట్టమే నిషేధించింది. రసీదు ఉండదు కాబట్టి ఏ బ్యాంకూ దానికి విద్యా రుణం ఇవ్వదు. బ్యాంకు ఇవ్వని డబ్బు కోసం ప్రైవేటు ఫైనాన్స్ గడప ఎక్కడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

నాకు అసలు భయం ఆ ఎఫ్‌డీ గురించే. ఆరు నెలల ఇంటి ఖర్చుకు 2 లక్షల 40 వేలు కావాలి. మీ దగ్గరున్న అత్యవసర నిధి ఆ 3 లక్షలే. అది తీసేశాక మీ ఉద్యోగం పోతే, మొదటి నెల నుంచే వడ్డీ కట్టడానికి మళ్లీ అప్పు తేవాలి. అప్పుడు అమ్మాయి రెండో ఏడాది ఫీజు ఎవరు కడతారు? ఇక మీకే ఏమైనా అయితే కుటుంబానికి డబ్బు అందించే జీవిత బీమా, అదే టర్మ్ పాలసీ గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. లేకపోతే ఈ నెలలోనే కోటి రూపాయలకు తీసుకోండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ బీమాను నమ్ముకోవద్దు, ఉద్యోగంతోపాటే అదీ పోతుంది.

ఐటీ సీటు ఫీజుకు ఇబ్బందైతే బ్యాంకులో విద్యా రుణం అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉందేమో కూడా చూసుకోండి, మేనేజ్‌మెంట్ సీటుకైతే అది రాదు.

ముందు సీటు నిలబెట్టుకోండి. గడువులోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు మీరే నమోదు చేయడం) చేయకపోతే, చేతికొచ్చిన ఐటీ సీటు కూడా రద్దవుతుంది.