పరాన్నజీవులకు కశాభం ఉన్నది ఈదడానికి మాత్రమేనా?

పరాన్నజీవుల కశాభమూ (కణం నుంచి బయటికి వచ్చే కొరడాలాంటి పోగు, ఫ్లాజెల్లమ్) బ్యాక్టీరియా కశాభమూ ఒకటేనా, దాని పని ఈదడమేనా అని అడిగారు. రెండూ కావు. ల్యాబ్‌లో పరాన్నజీవుల స్లైడ్లు చూడడం నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

బ్యాక్టీరియాది ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్ పోగు. దాని మొదట్లో ఉన్న మోటార్ ఓడ ప్రొపెల్లర్‌లా గిరగిరా తిప్పుతుంది. ట్రిపనోసోమా, లీష్మానియా, జియార్డియా, ట్రైకోమోనాస్ అనే ఏకకణ పరాన్నజీవులలో కశాభం తిరగదు, వంగుతుంది. లోపల మధ్యలో రెండు సూక్ష్మనాళికలు (సన్నని ప్రొటీన్ గొట్టాలు), చుట్టూ తొమ్మిది జతలు, పైన కణత్వచం. డైనీన్ అనే మోటార్ ప్రొటీన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీని వాడుకుంటూ ఒక జతను పక్క జత మీద జరపబోతుంది. అవి ఒకదానికొకటి బిగించి ఉండడం వల్ల ఆ జారుడు వంపుగా మారుతుంది.

ఈ వంపు కళ్లారా చూడాలంటే ట్రైకోమోనాస్ వెట్ మౌంట్ (ఆరబెట్టకుండా తడి నమూనాతో వేసిన స్లైడ్) చూడండి. ముందు నాలుగు కశాభాలు, వెనక్కి మళ్లిన ఐదోది తరంగిత త్వచం (ఒంటి పక్కన అలల్లా కదిలే పొర) అంచున. కుదుపులతో కదిలే ఆ తీరు ఒకసారి చూస్తే మర్చిపోలేం. నమూనా చల్లబడితే కదలిక ఆగిపోతుంది, అప్పుడది తెల్ల రక్తకణంలా కనిపిస్తుంది. అందుకే ఆ నమూనా రాగానే మిగతా పనులు పక్కన పెట్టేస్తాను.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఆఫ్రికా నిద్రజబ్బు కలిగించే ట్రిపనోసోమా బ్రూసీ. దాని కశాభం వెనక కొస దగ్గర ఒక చిన్న గుంటలోంచి పుట్టి, ఒంటి పొడవునా అతుక్కుని ముందుకు వస్తుంది. అలలు సాధారణంగా కొసనుంచి మొదలువైపు వెళ్తాయి, కాబట్టి కశాభం కొస ముందుండేలా ఈదుతుంది. అలా ఈదేటప్పుడు పుట్టే ప్రవాహం, ఒంటికి అంటుకున్న యాంటీబాడీలను వెనక్కి, ఆ గుంటవైపు తోసేస్తుంది. పరాన్నజీవి వాటిని అక్కడే లోపలికి లాక్కుని జీర్ణం చేసుకుంటుంది. ఈ సంగతి 2007లో వెలుగులోకి వచ్చింది. అంటే ఈతే దానికి రక్షణ కూడా!

లీష్మానియా సంగతి వేరు. శాండ్‌ఫ్లై ఈగలో ఉన్నప్పుడు కశాభం పొడవుగా ఉంటుంది, ఈదడానికే కాక పేగు గోడను పట్టుకోవడానికీ పనికొస్తుంది. మన మాక్రోఫేజ్‌లో (క్రిములను మింగే రక్షణ కణంలో) చేరాక పొట్టిదైపోతుంది, కొట్టుకోదు, మధ్య రెండు నాళికలూ ఉండవు. అయినా పూర్తిగా పోదు. అందుకే పరీక్షలో '9+2' (చుట్టూ తొమ్మిది జతలు, మధ్య రెండు) అని మాత్రమే రాసి ఆగకండి, ఏ దశలోనో కూడా రాయండి.

మలేరియా కలిగించే ప్లాస్మోడియంకు కశాభం లేదని చాలామంది రాసేస్తారు. దాని పురుష సంయోగబీజాలకు (మగ బీజకణాలకు) ఉంటుంది. మామూలుగా అవి దోమ కడుపులో బయటపడతాయి, కానీ స్మియర్ (స్లైడ్ మీద రక్తపు పలుచని పూత) వేయడం బాగా ఆలస్యమైతే రక్త నమూనాలోనే కనిపించే అవకాశమూ ఉంది.