ఇది ఉద్యోగమా, ఉద్యమమా?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లో మా ఇల్లు మునిగింది. అప్పట్నుంచి సివిల్ ఫైనలియర్ చదువుతున్న మా అమ్మాయి ‘క్లైమేట్ అడాప్టేషన్’ (మారే వాతావరణానికి తగ్గట్టు ఊళ్లని, కట్టడాలని సిద్ధం చేయడం) అంటోంది. ఇక్కడే వాటర్ రిసోర్సెస్ ఎంటెక్ చేయించాలా, అప్పు చేసి సస్టైనబిలిటీ ఎంఎస్‌కి పంపాలా? సాఫ్ట్‌వేర్ అంటే వినడం లేదు.
- ఓ తండ్రి, విజయవాడ

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో అమ్మాయి గురించి మూడు ముక్కలుంటే, మీ బావమరిది కొడుకు ప్యాకేజీ గురించి ఒక పేజీ ఉంది. ఆ పేజీ తీసేసి మిగతాది పైన వేశాను. ఎంటెక్కా, ఎంఎస్సా అని అడిగారు గానీ లోపల మిమ్మల్ని తొలిచేస్తున్నది ‘ఇదసలు ఉద్యోగమా, ఉద్యమమా’ అన్న టెన్షన్. ఉద్యోగమేనండీ.

పేరులో సస్టైనబిలిటీ ఉన్న కోర్సులంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. చాలావాటిలో రిపోర్టు రాయడం నేర్పుతారు, కల్వర్టు డిజైన్ జోలికి పోరు. అలా చదివొచ్చిన ఒకబ్బాయి నా ఎదురుగా కూర్చుని ‘సివిల్ మర్చిపోయాను సార్’ అన్నాడు. దానికోసం ఇల్లు తాకట్టు పెడతారా? అదీ మొన్న మునిగిన ఇల్లు!

వానల తీరు మారిందని ఎన్ని పరిశోధన పేపర్లు వచ్చినా తూము సైజు తేల్చేది డిజైన్‌లో తీసుకున్న వర్షపాతం లెక్క. అది పాతదైతే తూము చిన్నదే. ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఆ సంగతి తెలిసినా, డిజైన్ కోడ్‌లో లేనిది, ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ రేట్ల పట్టికలో, రేటు లేనిది ఎస్టిమేట్‌లో పెడితే ఫైలు వెనక్కొస్తుంది. అందుకే పేపర్ చదివి, ఎస్టిమేట్ కూడా వేయగలవాళ్లు కావాలి. అలాంటివాళ్లు తక్కువ. పేపర్ నుంచి రూల్ దాకా ఎలా వెళ్తుందో చూడండి: హైదరాబాద్‌లో ట్రిపుల్‌ఐటీ వాళ్లు ఎండ వేడిని తిప్పికొట్టే చల్లటి పైకప్పుల (కూల్ రూఫ్) మీద కొలతలు తీశారు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ వచ్చి, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి చేసింది. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఇదే.

పోలిక అడిగారు కాబట్టి, ఎంటెక్కే. వరంగల్ నిట్‌లో వాటర్ రిసోర్సెస్ ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో క్లైమేట్ చేంజ్‌కి విభాగమే ఉంది. తర్వాత ఇరిగేషన్ శాఖ పరీక్షలు రాయొచ్చు, డీపీఆర్‌లు (ప్రాజెక్టుల సమగ్ర నివేదికలు) చేసే కన్సల్టెన్సీలకు వెళ్లొచ్చు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు, దాచను. తిండికి, అద్దెకి లోటుండదు.

ఈ ఆదివారం అమ్మాయిని తీసుకుని బుడమేరు గండ్లు పూడ్చిన చోటికి వెళ్లండి. కట్ట అక్కడే ఎందుకు తెగిందో తననే చెప్పమనండి. ఆ గంటసేపూ బావమరిది కొడుకు మాట ఎత్తకండి.