టెలిస్కోప్‌కి కన్ను ఆనించే ఉద్యోగం లేదండీ

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌ను నడిపే సంస్థలో పనిచేస్తానని ఫిజిక్స్ కోసం పట్టుబడుతోంది. అది చదివితే లెక్చరర్ ఉద్యోగం తప్ప ఏముంది? నేను సీఎస్‌ఈ అంటున్నాను. మధ్యేమార్గంగా ‘స్పేస్ టెక్నాలజీ’ బీటెక్ ఉందని మా బావమరిది చెప్పాడు. ఎంసెట్‌కి చదవకుండా రాత్రిళ్లు ‘కెప్లర్ డేటా’ అంటూ పైథాన్‌లో ఏవో గీతలు గీస్తూ టైమ్ వేస్ట్ చేస్తోంది. ఏది మంచిదో పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏడాదికి పదిమంది తండ్రులైనా ఇదే అడుగుతారు. పిల్ల చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే రేపు దాని బతుకేంటి అన్నదే కదా మీ టెన్షన్? ముందు అక్కడ జరిగే పనేమిటో వినండి.

ఆ సంస్థ పేరు స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్. అమెరికాలోని బాల్టిమోర్‌లో 1981లో పెట్టారు. జేమ్స్ వెబ్ ఉన్నది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో. దానికి కన్ను ఆనించి చూసేవాళ్లెవరూ లేరు. ఏ వారం ఏ నక్షత్రాన్ని చూడాలో ప్లాన్ వేసేవాళ్లు, ఆ ప్లాన్‌ను నాసా యాంటెన్నాల ద్వారా పైకి పంపేవాళ్లు, కిందికొచ్చిన డేటాలో పరికరాల వల్ల వచ్చిన తేడాలు సరిచేసేవాళ్లు, దాన్ని భద్రపరిచేవాళ్లు: అందరిదీ కంప్యూటర్ ముందు పనే. గురి కుదరడానికి కావలసిన గైడ్ స్టార్ దొరక్కపోతే టెలిస్కోప్ ఎవరినీ అడగదు, ఆ పని వదిలేసి తర్వాతిదానికి వెళ్లిపోతుంది. ఈ పరికరాలను నడిపే స్క్రిప్టులు దేంట్లో రాశారనుకున్నారు? జావాస్క్రిప్ట్‌లో. మీ సీఎస్‌ఈ పిల్లలందరూ నేర్చుకునేదే!

కాబట్టి ఫిజిక్సా, సీఎస్‌ఈనా అన్నది మీరనుకున్నంత పెద్ద గోడ కాదు. సైంటిస్టు కావాలంటే పీహెచ్‌డీ తప్పదు. కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్ తిరుపతి లాంటిచోట ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఆపైన మరో ఐదారేళ్లు. సంపాదన ఆలస్యమవుతుంది, అది నిజం. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తే అంత చదువు అక్కర్లేదు.

నాకు అనుమానమల్లా మీ బావమరిది చెప్పిన మూడోదారి మీదే. చంద్రయాన్-3 దిగిన దగ్గర్నుంచి ఆ పేరుకి గిరాకీ పెరిగింది. పోయినేడాది ఒక కాలేజీలో ఆ బ్రాంచి చూడ్డానికి వెళ్లాను. గుమ్మంలో నిలువెత్తు రాకెట్ బొమ్మ. ల్యాబ్ చూపించండంటే సీఎస్‌ఈ వాళ్ల ల్యాబ్‌కే తీసుకెళ్లారు, తలుపు మీద అంటించిన కాగితం మాత్రం కొత్తది. సిలబస్ అడిగితే బ్రోషర్ ఇచ్చారు. అంతరిక్ష శాఖ నడిపే తిరువనంతపురం ఐఐఎస్‌టీ సంగతి వేరు. అలాంటిచోట సీటొస్తే కళ్లు మూసుకుని చేర్చండి. లేదంటే పేరులో ‘స్పేస్’ ఉందని లక్షలు పోయకండి. పద్దెనిమిదేళ్లు నిండకుండానే పిల్లను ఒక సన్నని సందులోకి తోసినట్టవుతుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. అమెరికా, కాలేజీ పేరు, ప్యాకేజీ... వీటి గురించి మీరు ఉత్తరంలో రెండు పేజీలు రాశారు (ఇక్కడ కుదించాను). అమ్మాయికి ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులో కూడా రాయలేదు. వెబ్ టెలిస్కోప్ మీద సమయం కోరుతూ 2024 అక్టోబరు విడతకు పరిశోధకుల నుంచి 2,377 ప్రతిపాదనలొచ్చాయి, అడిగిన సమయం ఉన్నదానికి తొమ్మిది రెట్లు. వాటిని ఎంచేవాళ్లకు రాసినవాళ్ల పేరుగానీ, సంస్థ పేరుగానీ కనపడనివ్వరు. మీరేమో కాలేజీ పేరు చూసే పెళ్లి సంబంధం దాకా లెక్కలేశారు.

బాల్టిమోర్ ఉద్యోగమే రావాలని రాసిపెట్టి లేదు. మన అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే వెళ్లింది. కమాండ్లు బెంగళూరులోని ఇస్రో కేంద్రం నుంచి వెళ్తాయి, పరిశోధకులకు ప్రతిపాదనల్లో, డేటాలో సాయం చేసే విభాగం పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాలో ఉంది. అదీ కుదరకపోతే ఇన్ని గీతలు గీసి నేర్చుకున్న పైథాన్, స్టాటిస్టిక్స్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగాలు లేవా? పస్తులుండదు మీ పిల్ల, భయపడకండి.

అన్నట్టు, కెప్లర్ అంటే వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెతికిన నాసా టెలిస్కోప్. దాని డేటాను ఉచితంగా అందరికీ ఇస్తున్నది బాల్టిమోర్‌లోని ఆ సంస్థే. మీరు టైమ్ వేస్ట్ అంటున్నది అక్కడి మనుషులు జీతం తీసుకుని చేసే పని. గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వెళ్తే వెలుతురు పిసరంత తగ్గుతుంది, గీతలో చిన్న పల్లం పడుతుంది. ఈ రాత్రికి కుర్చీ పక్కన వేసుకుని, ఆ పల్లం ఎక్కడుందో చూపించమ్మా అని అడగండి. సీటు సంగతి కౌన్సెలింగ్ అప్పుడు చూద్దాం.